సంపెంగ సెంటు పోయగానే సబ్బు గిన్నెలోనే గడ్డకట్టింది, ఏం చేయాలి?

ప్రశ్న: అక్కా, మాది కడప. కొన్నాళ్ళుగా ఇంట్లోనే కోల్డ్ ప్రాసెస్ పద్ధతిలో (నూనెల్లో కాస్టిక్ సోడా నీళ్ళు కలిపి, ఉడకబెట్టకుండా) సబ్బులు చేస్తున్నాను. సెంటు లేనివి, నిమ్మగడ్డి నూనె వేసినవి బాగానే వస్తున్నాయి. మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో రిటర్న్ గిఫ్టులుగా ఇద్దామని సంపెంగ ఫ్రాగ్రెన్స్ ఆయిల్ తెప్పించి, రెండు రంగుల సుడులతో చేయబోయాను. సెంటు పోసి బ్లెండర్ తిప్పానో లేదో, మొత్తం గిన్నెలోనే ఉప్మాలా ముద్దకట్టింది. అట్లే మూతపెట్టి పక్కన పెట్టినాను. పారేయాలా? అంతకుముందు వెనీలా వేసిన తెల్ల సబ్బులు పది రోజులకు గోధుమ రంగుకు తిరిగాయి. పెద్ద దర్గా దగ్గర అంగట్లో కొన్న గులాబీ అత్తరు వేస్తే పైన నూనె తేలి, సబ్బు నెలయినా మెత్తగానే ఉంది. నా కొలతలు: కొబ్బరి నూనె 30 శాతం, గానుగ శెనక్కాయ నూనె 40, కోకమ్ బటర్ 20, ఆముదం 10. కాస్టిక్ సోడాకు ఒకటిన్నర రెట్లు నీళ్ళు. సెంటు 5 శాతం. తప్పు ఎక్కడుంది?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: గిన్నె పారేయొద్దు చెల్లెమ్మా. అందులో ఉన్నది చెడిపోయిన సబ్బు కాదు, తొందరపడిన సబ్బు. ముందు దాని సంగతి చూసి, తర్వాత సంపెంగ దగ్గరికి వద్దాం.

గ్లవ్స్, కళ్ళద్దాలు వేసుకుని మూత తీయండి. ముద్దకట్టిన సబ్బులో క్షారం సమంగా కలిసి ఉండదు. ఒక మూల నూనె ఎక్కువ, ఇంకో మూల కాస్టిక్ సోడా ఎక్కువ ఉండొచ్చు. అందుకే చేత్తో తాకి చూడొద్దు, విరిచి స్నానానికి వాడి చూద్దామనుకోవద్దు. అడుగున నీరు ఊరి ఉంటే పారబోయకండి. అది సబ్బులో కలవాల్సిన లై, అంటే కాస్టిక్ సోడా కరిగిన నీళ్ళు. దాన్ని తీసేస్తే నూనె మిగిలిపోయి సబ్బు ఎప్పటికీ గట్టిపడదు. మొత్తాన్ని ఆ నీటితో సహా స్టీలు గిన్నెలోకి మార్చండి. అల్యూమినియం గిన్నె మాత్రం వద్దు, క్షారం దాన్ని తినేసి హైడ్రోజన్ వాయువు పుట్టిస్తుంది. ముద్దల్ని చిన్న ముక్కలు చేసి, కిలోకు రెండు మూడు టేబుల్‌స్పూన్ల డిస్టిల్డ్ వాటర్ చల్లి, గిన్నెను మరో పెద్ద గిన్నెలోని వేడినీళ్ళలో కూర్చోబెట్టి మూతపెట్టండి. సన్న సెగ చాలు. పావుగంటకోసారి చెక్క గరిటెతోనో సిలికాన్ గరిటెతోనో కలుపుతూ ఉంటే గంట, రెండు గంటల్లో ముక్కలన్నీ కరిగి, అంతటా ఒకే తీరుగా, కొంచెం పారదర్శకంగా, జిగటగా మారుతుంది. అప్పుడు కొద్దిగా తీసి చల్లార్చి, తడి వేలితో రుద్ది, ఆ వేలిని నాలుక కొసకు ఒక్క క్షణం తాకించండి. చురుక్కుమంటే ఇంకా ఉడకాలి. సబ్బు రుచి తప్ప ఇంకేమీ అనిపించకపోతే మోల్డ్‌లో గట్టిగా అదిమి పెట్టేయండి. మర్నాడు కోసి, మూడు నాలుగు వారాలు ఆరబెట్టాలి. సంపెంగ వాసన వేడికి కొంత పోతుంది. పైభాగం నున్నగా రాదు. పెళ్ళికి పనికిరాకపోవచ్చు గానీ ఇంట్లో అందరూ హాయిగా రుద్దుకోవచ్చు.

ఇక ఎందుకిలా అయిందో చూద్దాం. సెంటు మీద ఒక్కదాని మీదే నేరం మోపలేం. మీ కొలతల్లో సబ్బును తొందరపెట్టే వస్తువులు ఇదివరకే నాలుగున్నాయి. కోకమ్ బటర్‌లో సగానికి పైగా స్టియరిక్ ఆమ్లమే, అది మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది. ఆముదం 5 శాతం వరకు బాగుంటుంది, 10 వేస్తే ట్రేస్ (మిశ్రమం చిక్కబడే దశ) తొందరగా వస్తుంది. కాస్టిక్ సోడాకు ఒకటిన్నర రెట్లు నీళ్ళంటే 40 శాతం ద్రావణం. అనుభవం ఉన్నవాళ్ళు సబ్బు త్వరగా ఆరాలని అలా చేస్తారు, అదీ నెమ్మదిగా నడిచే సెంట్లకు. నాలుగోది బ్లెండర్. నిమ్మగడ్డి నూనె శాంతమైనది కాబట్టి ఇన్నాళ్ళూ ఇవేవీ బయటపడలేదు. వీటి పైన సంపెంగ వచ్చి పడింది.

పూల సెంట్లు, మసాలా సెంట్లు సబ్బును పరుగెత్తిస్తాయని చేసేవాళ్ళందరికీ తెలిసిందే. లవంగ నూనెలో ఉండే యూజెనాల్ దీనికి మంచి ఉదాహరణ. అది బలహీనమైన ఆమ్లంలా ప్రవర్తించి క్షారంతో వెంటనే కలుస్తుంది. అలా పుట్టిన లవణం నూనెను, నీటిని ఇంకా దగ్గరికి చేర్చి సబ్బు కట్టే వేగాన్ని పెంచుతుంది. పూల కూర్పుల్లో యూజెనాల్‌తో పాటు దాని బంధువులు కూడా తరచుగా ఉంటాయి. మల్లె కూర్పుల్లో ఎక్కువగా వేసే బెంజైల్ అసిటేట్ క్షారంలో విరిగి బెంజైల్ ఆల్కహాల్‌గా మారుతుంది. సీసాలో ఘుమఘుమలాడిన మల్లె సబ్బులో మరోలా వాసన రావడానికి ఇది ఒక కారణం. సెంటును పలుచన చేయడానికి సారా కలిపి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు, చేతిలో గరిటె ఉండగానే గట్టిపడుతుంది.

ఇందులో మూడు రకాల అల్లరి ఉంది, వాటికి మందులు వేరు. మిశ్రమం త్వరగా చిక్కబడితే అది వేగమే, ఆందోళన పడక్కర్లేదు, వెంటనే మోల్డ్‌లో పోసేయాలి. చిన్న చిన్న గింజలుగా విరిగినట్టు కనిపిస్తే, సెంటులోని ఏదో పదార్థం గట్టి కొవ్వులతో కలిసి విడిపోయిందన్న మాట. ఆ ఒక్క సందర్భంలో బ్లెండర్‌ను కాసేపు గట్టిగా తిప్పాలి, గింజలు కలిసిపోతాయి. సుడులు, డిజైన్లు మాత్రం ఆ రోజుకు మర్చిపోవాలి. మూడోది మీకు జరిగిన గడ్డకట్టడం. అప్పుడు బ్లెండర్ మోటారు కాలేదాకా తిప్పి లాభం లేదు. గరిటెతో గబగబా కలిపి, గ్లవ్స్ చేతులతో మోల్డ్‌లో ముక్క ముక్కగా అదిమి, గాలి పోయేలా బల్లకేసి కొట్టాలి. నూనె విడిగా కనిపించకపోతే సబ్బు తనంతట తానే వేడెక్కి మిగతా పని పూర్తి చేసుకుంటుంది. నూనె విడిగా కనిపిస్తే పైన చెప్పినట్టు ఉడకబెట్టడమే. టెన్షన్‌లో గ్లవ్స్ తీసేసి పనిలోకి దిగేవాళ్ళు చాలామంది. మిశ్రమం చర్మం మీద పడితే ధారగా నీళ్ళు పోసుకోండి, వెనిగర్ రాయొద్దు.

సంపెంగే కావాలంటే చేయొచ్చు, కానీ సెంటు నడతను బట్టి డిజైన్ పెట్టుకోవాలి. డిజైన్ ముందు అనుకుని సెంటును దానికి లొంగదీయాలంటే కుదరదు. పూల సెంటుకు ఒకే రంగు, పైన గరిటెతో గీసిన గీతలు చాలు. సుడులు వేయాలన్న కోరిక తీరకపోతే లావెండర్‌కో పచౌలికో దాచుకోండి, అవి సాధారణంగా మాట వింటాయి.

500 గ్రాముల నూనెలకు నేనైతే కొబ్బరి నూనె 150, శెనక్కాయ నూనె 200, తవుడు నూనె 125, ఆముదం 25 గ్రాములు తీసుకుంటాను. 5 శాతం సూపర్‌ఫ్యాట్‌తో (అంత నూనె సబ్బుగా మారకుండా మిగిలేలా సోడా తగ్గించి) కాస్టిక్ సోడా సుమారు 70 గ్రాములు వస్తుంది, నీళ్ళు దానికి రెండున్నర రెట్లు, అంటే 175 గ్రాములు. నా మాట మీద ఆగకుండా మీ నూనెలతో సోప్ కాలిక్యులేటర్‌లో ఒకసారి లెక్కేసుకోండి. నూనె ఏది మార్చినా సోడా మారుతుంది. పూల సెంటు వేసే రోజు కోకమ్ డబ్బా బయటికి తీయొద్దు. శెనక్కాయ నూనె ఈ పనికి మంచిదే, నెమ్మదిగా నడుస్తుంది. అయితే గానుగ నూనెకు తన వాసన తనకుంది. సున్నితమైన పూల వాసనకు అది అడ్డం వస్తుంది, అలాంటప్పుడు రిఫైన్డ్ నూనె వాడటమే మేలు. మనవైపు గానుగ నూనె అంటే ఒక గౌరవం ఉంది కాబట్టి ఈ మాట చాలామందికి నచ్చదు. గానుగ నూనెను కూరల్లో పోసుకోండి, సబ్బులో దాని గొప్పతనం క్షారం పాలవుతుంది.

నీళ్ళు ఎక్కువ పోశాం కాబట్టి సబ్బు మోల్డ్‌లో మూడు నాలుగు రోజులు ఉండాలి, క్యూరింగ్‌కు, అంటే కోసిన సబ్బు గాలికి ఆరడానికి, ఆరు వారాలు ఇవ్వాలి. పైన తెల్లటి సోడా పొడి పట్టొచ్చు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. బోరు నీళ్ళు మాత్రం వాడొద్దు. మన సీమ బోర్లలో కాల్షియం ఎక్కువ, అది సబ్బుతో కలిసి కరగని తెట్టు కడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌ను బ్యాటరీ అంగట్లో కొంటుంటే లేబుల్ రెండుసార్లు చదవండి, అదే అరలో బ్యాటరీ యాసిడ్ డబ్బాలు కూడా ఉంటాయి.

వేడి సంగతి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. పుస్తకాల్లో, వీడియోల్లో 'గది ఉష్ణోగ్రత' అని రాస్తే అది కడప గది గురించి కాదు. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు వంటగదిలో పెట్టిన నూనె తనంతట తానే 36, 38 దగ్గర ఉంటుంది. పూల సెంటుకు నూనె, లై రెండూ 30 నుంచి 35 మధ్య ఉంటే మంచిది. కాబట్టి తెల్లారకముందే మొదలుపెట్టండి. లై గిన్నెను చల్లనీళ్ళ టబ్బులో పెట్టి చల్లార్చండి. ఎప్పటిలాగే సోడానే నీళ్ళలో కొంచెం కొంచెంగా వేయాలి, సోడా మీద నీళ్ళు పోయకూడదు. డిస్టిల్డ్ వాటర్‌లో కొంత భాగాన్ని ఐసు ముక్కలుగా గడ్డకట్టించి వాడితే ఇంకా సులువు. అన్నీ కరిగాయో లేదో చూసుకోవాలి. పోసిన తర్వాత దుప్పటి కప్పడం, తువ్వాలు చుట్టడం లాంటివి చేయకండి. పూల సెంటు సబ్బు లోపల బాగా వేడెక్కి మధ్యలో పగుళ్ళిస్తుంది, ఒక్కోసారి పొంగుతుంది కూడా. మోల్డ్‌ను ఫ్యాన్ కింద పెట్టండి. తేనె, పాలు, చక్కెర లాంటివి కూడా వేడి పెంచేవే, ఈ సబ్బులో వద్దు.

కలిపే వరుస ఇదీ. మోల్డ్ సిద్ధంగా, రంగు ముందే నూనెలో కలిపి ఉండాలి. మొత్తం నూనెలో 50 గ్రాములు పక్కకు తీసి సెంటును దాంట్లో కలిపి ఉంచండి. మిగతా నూనెలో లై పోసి బ్లెండర్‌ను అయిదారు సెకన్ల చొప్పున ఆపుతూ తిప్పండి. పైన నూనె చారలు కనిపించకుండా అంతా ఒకటిగా కలిసిన మరుక్షణం బ్లెండర్ తీసి కడిగేయండి. చిక్కదనం కోసం ఎదురుచూడొద్దు, గరిటెతో పోస్తే గీత నిలిచేదాకా ఆగితే పూల సెంటుకు ఆలస్యమైనట్టే. అప్పుడు సెంటు కలిపిన నూనె పోసి విస్క్‌తో చేత్తోనే కలిపి, వెంటనే మోల్డ్‌లోకి వంచేయండి.

సెంటు 5 శాతం ఎక్కువ. నూనెల బరువులో 3 శాతం, అంటే 500 గ్రాములకు 15 గ్రాములు చాలు. మొండి సెంటుకు 2 శాతంతో మొదలుపెట్టండి. అమ్మేవాళ్ళను ఐఎఫ్ఆర్ఏ (అంతర్జాతీయ సుగంధ పరిశ్రమ సంఘం) సర్టిఫికెట్ అడగండి. అందులో సబ్బులకు వర్తించేది 9వ కేటగిరీ, అక్కడ రాసిన గరిష్ఠ శాతం దాటొద్దు. అది చర్మం కోసం పెట్టిన హద్దు. సబ్బు గడ్డకడుతుందో లేదో ఆ కాగితం చెప్పదు. ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే సెంటు ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత) తక్కువైతే సెంటు సబ్బులో ఎగిరిపోతుందన్న మాట చాలాచోట్ల వినిపిస్తుంది. అది నిల్వకూ రవాణాకూ సంబంధించిన అంకె, దాన్ని చూసి సెంటు ఎంచుకోవడం అనవసరం.

కొత్త సెంటు నడత తెలుసుకోవడానికి ఖర్చులేని దారి ఒకటుంది. మీరు మామూలుగా చేసే సెంటులేని సబ్బు పోసేటప్పుడు 100 గ్రాముల మిశ్రమాన్ని ఒక చిన్న డబ్బాలోకి తీసి, దాంట్లో 2 గ్రాముల కొత్త సెంటు కలపండి. పైన చెప్పిన నీళ్ళ లెక్కలో 100 గ్రాముల మిశ్రమంలో నూనె 67 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి అది సరిగ్గా 3 శాతం పరీక్ష. ఎంతసేపటికి చిక్కబడింది, మర్నాడు ఏ రంగు, నెలకు ఏ రంగు, వాసన మిగిలిందా అన్నవి డబ్బా మీదే రాసుకోండి. అమ్మేవాళ్ళు 'కోల్డ్ ప్రాసెస్‌కు పనికొస్తుంది' అని రాసినా ఈ పరీక్ష మానొద్దు. వాళ్ళు పరీక్షించింది వాళ్ళ నూనెలతో, వాళ్ళ ఊరి వాతావరణంలో.

వెనీలా సంగతి. అందులోని వెనిలిన్ క్షారంలో, గాలి తగిలి గోధుమ రంగుకు మారుతుంది. సెంటులో వెనిలిన్ 1 శాతం దగ్గరుంటే లేత గోధుమ, 10 దాటితే ముదురు చాక్లెట్ రంగు. కొనేటప్పుడు ఆ శాతం అడగండి. టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల రంగు పొడి వేస్తే లేత పడుతుందేమో గానీ ఆగదు. వెనీలా స్టెబిలైజర్ పేరుతో అమ్మేది మెల్ట్ అండ్ పోర్ (రెడీమేడ్ సబ్బు దిమ్మెను కరిగించి పోసే) సబ్బులకు కొంత పనిచేస్తుంది, మన పద్ధతిలో దాని మీద డబ్బు పెట్టొద్దని నా సలహా. సగం మిశ్రమానికి సెంటు వేయకుండా తెల్లగా ఉంచి సుడులు తిప్పినా, వారాలు గడిచేకొద్దీ గోధుమ రంగు తెలుపులోకి పాకుతుంది. ముందే కాఫీ రంగు సబ్బుగా అనుకుని చేసేయండి.

అత్తరు దగ్గర నేను గట్టిగానే చెబుతాను: సబ్బులో వేయొద్దు. చందన తైలం మీద బట్టీ పట్టిన అసలు అత్తరు సబ్బులో పోసే ధరకు రాదు. తక్కువ ధరకు దొరికేది చాలావరకు సెంటును డీఈపీలోనో లిక్విడ్ పారఫిన్‌లోనో కలిపినది. పారఫిన్ సబ్బుగా మారదు, అందుకే పైకి తేలింది. డీఈపీ అంటే డైఈథైల్ థాలేట్, అది క్షారంలో విరిగే పదార్థం. 10 గ్రాముల డీఈపీ పూర్తిగా విరిగితే 3.6 గ్రాముల కాస్టిక్ సోడాను తినేస్తుంది. 500 గ్రాముల నూనెల సబ్బులో మన 5 శాతం సూపర్‌ఫ్యాట్ కోసం తగ్గించే సోడా కూడా దాదాపు అంతే. అంటే సబ్బులో మిగిలిపోయే నూనె రెట్టింపవుతుంది, మెత్తగా ఉండిపోవడానికి అదే కారణం కావచ్చు. పైగా డీఈపీ విరిగినప్పుడు పుట్టేది ఆల్కహాల్, అది సబ్బును ఇంకా తొందరపెడుతుంది. బెంగళూరు నుంచి మన ఊళ్ళకు వచ్చే అగరబత్తీ సెంట్లకూ ఇదే మాట వర్తిస్తుంది. అవి పొగ కోసం చేసినవి, ఒంటి కోసం కాదు. మాటల్లో మాట, కడప కొండల ఎర్రచందనానికి శ్రీగంధం వాసన ఉండదు. 'ఎర్రచందనం సెంటు' అని సీసా చూపిస్తే అది ఏదో ఒక కూర్పు అని తెలుసుకోండి. ఆ మెత్తటి అత్తరు సబ్బులు ఇంకో నెల గాలికి పెట్టి చూడండి. అప్పటికీ నూనె తేలుతుంటే గిన్నెలు తోమడానికీ పనికిరావు, తీసేయండి.

పెళ్ళి ఎప్పుడో మీరు రాయలేదు. సంపెంగ సబ్బుకు ఆరు వారాల క్యూరింగ్, దానికి ముందు డబ్బా పరీక్షకు కనీసం రెండు వారాలు కావాలి, కాబట్టి రెండు నెలలకు తక్కువ ఉంటే సంపెంగ మానేసి మీకు అలవాటైన నిమ్మగడ్డి సబ్బే ఇవ్వండి. దాంట్లో కొంచెం వట్టివేరు నూనె కలిపితే వాసన నిలుస్తుంది, పెళ్ళికి తగ్గ నిండుదనమూ వస్తుంది. ఒక్కో సబ్బుకూ కాగితం చుట్టేటప్పుడు అందులో వేసిన నూనెల పేర్లు, సెంటు పేరు, చేసిన తేదీ రాయండి. పెళ్ళికొచ్చిన వాళ్ళలో ఎవరి చర్మానికి ఏది పడదో మనకు తెలియదు. పెళ్ళిలో చూసి ఎవరైనా డబ్బిచ్చి కొంటామని అడిగితే మాత్రం వెంటనే ఒప్పుకోవద్దు. అమ్మకానికి సబ్బు తయారుచేయాలంటే కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల నుంచి తయారీ లైసెన్సు తీసుకోవాలి.